రెండో గిన్నె పోసినావిడ

నా పార్లరుకొచ్చే ముసలమ్మలందరిలో జుట్టు గురించి ఒక్క మాటా అననిది ఆవిడే. తక్కినవాళ్ళు ఉంగరాలు గట్టిగా రావాలనీ, పండగదాకా సాగకూడదనీ, పక్కింటావిడకంటే బాగుండాలనీ నా ప్రాణం తోడేస్తారు. ఆవిడ మాత్రం కుర్చీలో కూర్చుని అద్దంలోకైనా చూడదు. అంతా అయ్యాక "ఎలా ఉందక్కా?" అని అడిగితే, "వేడిగా ఉంది" అంటుంది. ఎన్నేళ్ళుగానో అదే జవాబు.

మా సోల్‌మె ఊళ్ళో ఆవిణ్ణి అందరూ కామ్‌గోల్ కోడలు అంటారు, పుట్టిల్లు కామ్‌గోల్ కాబట్టి. మా వైపు కోడలు ఏ ఊరినుంచి కాపురానికొస్తే ఆ ఊరి పేరు ఆమెకు అంటుకుంటుంది. ఇక చచ్చేదాకా వదలదు. గుమ్ వాళ్ళింటికి పెద్దకోడలుగా వచ్చింది. విడాకులైపోయి చాలా ఏళ్ళయింది, అయినా ఊళ్ళో ఇంకా కోడలే. వెల్లుల్లి గోదాము వెనకున్న గదిలో అద్దెకుంటూ, గోదాములో కూలికి వెల్లుల్లి వలుస్తుంది. విడాకులయ్యాక ఊరొదిలి ఎందుకు పోలేదని ఒకసారి అడిగాను. "ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదుగా" అంది.

పొలాల్లో వెల్లుల్లి పీకడం అయిపోయిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా నా బల్ల దగ్గరే నిలబడి, సంచిలోంచి ఒక కాగితం, సంతకానికి బదులు వేసే తన ముద్ర, ఎర్రసిరా డబ్బీ తీసి వరసగా పెట్టింది.

"కళ్ళజోడు విరిగింది. ముద్ర ఎక్కడ వెయ్యాలో కాస్త చూపించవా?"

కాగితం చదివాను. ఆవిడ మాజీ మొగుడు దోసిక్ పంపించింది. అతను ఉల్సాన్‌లో ఓడలు కట్టేచోట పనిచేసి రిటైరయ్యాడు, పింఛను మొదలైంది. కలిసున్న ఏళ్ళకి సరిపడా పింఛనులో సగం, విడాకులు తీసుకున్న భార్యకి కూడా వయసొచ్చాక ఇవ్వాలని చట్టం. ఆవిడకీ ఆ వయసొచ్చింది. మా ఊరిపెద్ద పోరగా పోరగా వెళ్ళి దరఖాస్తు పెట్టింది. దానికి జవాబు ఈ కాగితం. అతని తల్లి మంచాన పడ్డ దగ్గర్నుంచి పోయేదాకా పదకొండేళ్ళు అతను ఉల్సాన్‌లో, ఆవిడ సోల్‌మెలో విడివిడిగా ఉన్నారట. కాబట్టి ఆ కాలమంతా వాళ్ళు భార్యాభర్తలు కారట. దానికి ఇద్దరూ ఒప్పుకుంటున్నారట.

అంతకుముందు ఉల్సాన్‌లో ఇద్దరూ కలిసి ఉన్నది నాలుగేళ్ళు. అయిదేళ్ళు కాపురం ఉంటేగానీ చట్టం వాటా ఇవ్వదు. ఆ పదకొండూ చెరిపేస్తే ఆవిడకి మిగిలేది గుండుసున్నా.

"అక్కా, ఇందులో ఏముందో తెలుసా నీకు?"

"తెలుసు. ఫోన్లో చెప్పాడు. ఆ పదకొండేళ్ళూ మనం మొగుడూ పెళ్ళాం కాదు కదా, ముద్రేసి పంపెయ్ అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"సరే అన్నాను."

"ఎందుకంటావ్ సరే అని!"

"నిజమేగా."

ముల్లంగి ధర చెప్పినట్టు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ముద్ర లాక్కుని రోలర్ల డబ్బాలో పడేసి మూత పెట్టేశాను. హెయిర్ డ్రయ్యరు కింద కూర్చున్న తొక్సిల్ పెద్దమ్మ, తలనిండా రోలర్లతో, "ఏమైందే, ఏమైందే" అంటూ మెడ బయటపెట్టింది. డ్రయ్యరు హోరులో ఆవిడకేమీ వినబడలేదు. మొత్తం మళ్ళీ మొదట్నుంచి అరిచి చెప్పాను. ఆ అరుపుతో సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

ఆ పదకొండేళ్ళ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అసలు ఆవిడకి పెళ్ళే లేటు. తమ్ముళ్ళ చదువుల కోసం దేగూ బట్టల మిల్లులో పనిచేసి పనిచేసి, ముప్ఫయి దాటి చాన్నాళ్ళయ్యాక, తద్దినాల చాకిరీ ఎక్కువున్న ఇంటికి పెద్దకొడుకని ఎవరూ పిల్లనివ్వని దోసిక్‌ని చేసుకుంది. పిల్లలు పుట్టలేదు. అత్తగారికి పక్షవాతం రాగానే దోసిక్ పెళ్ళాన్ని తీసుకొచ్చి తల్లి దగ్గర దింపి, ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. తల్లికి సగం ఒళ్ళు పడిపోయింది గానీ నోరు పడిపోలేదు. గంజి వేడిగా ఉందని ఒక తిట్టు, చల్లారిందని ఒక తిట్టు. పక్క తిప్పితే తిట్టు, తిప్పకపోతే ఇంకా పెద్ద తిట్టు. కామ్‌గోల్ కోడలు అవన్నీ వింటూ ఆ ముసలావిణ్ణి ఎత్తింది, కడిగింది, తుడిచింది. ఒంటిమీద ఒక్క పుండు లేకుండా చూసుకుంది. దోసిక్ మాత్రం పండగలకీ, తండ్రి తద్దినానికీ వచ్చేవాడు. చీకటి పడ్డాక రావడం, తెల్లారకుండా పోవడం. చచ్చిన తండ్రి రోజు గుర్తుండేది గానీ బతికున్న తల్లి గుర్తుండేది కాదు.

ముసలావిడ పోయిన కొన్ని నెలలకే విడాకుల కాగితాలు తెచ్చాడు. "అమ్మ లేదు కదా, ఇక మనిద్దరికీ ఏం పని?" అన్నాడట. అప్పుడూ ఆవిడ సరే అంది.

ఈసారి మాత్రం నేను సరే అననివ్వలేదు. ముద్ర పడలేదని తెలిసి దోసిక్ కోర్టుకెక్కాడు.

నేను ఊరి హాలుకి వెళ్ళాను. ముసలమ్మలందరూ అడుగున వేడి పెట్టిన వెచ్చటి నేలమీద కూర్చుని పూలబొమ్మల ముక్కలతో పేకాడుకుంటున్నారు. పేక లాగేసి కాగితాలు, కలాలు పంచాను. "మీరు కళ్ళారా చూసింది రాయండి, అబద్ధం ఒక్క ముక్క వద్దు" అన్నాను. రాయడం మొదలెట్టాక ఆపడం నా వల్ల కాలేదు. ఒకావిడైతే ముసలావిడకి విరేచనం ఎలా అయ్యేదో, కోడలు ఎలా ఎత్తేదో ఒక పేజీ నిండా రాసింది.

"ఇంత వివరం ఎందుకు పెద్దమ్మా?"

"జడ్జీకి వాసన తగలాలే."

కోర్టు రోజున నా కారులో కామ్‌గోల్ కోడల్నీ, సాక్ష్యానికి తొక్సిల్ పెద్దమ్మనీ ఎక్కించుకుని వెళ్ళాను. జడ్జీ చిన్నవయసామె. మెడమీద వెంట్రుకలు చక్కగా కత్తిరించి ఉన్నాయి, పట్నంలో మంచి చోట చేయించుకున్నట్టుంది. దోసిక్ తన లాయరు పక్కన నేల చూస్తూ కూర్చున్నాడు. మోకాళ్ళు అరిగిపోయి కర్రతో నడుస్తున్నాడు. ఆవిణ్ణి చూసి తలాడించాడు, ఆవిడా తలాడించింది. బస్టాండులో ముఖపరిచయం ఉన్నవాళ్ళు ఆడించుకున్నట్టే ఉంది.

జడ్జీ మా కాగితాలన్నీ తిరగేసి తలెత్తింది.

"ఈ కామ్‌గోల్ కోడలు ఎవరు?"

మేమిద్దరం ఆవిడవైపు తిరిగి చూశాం.

"ఈ కేసులో ఉన్న మనిషి ప్యో మల్‌సున్. ఇన్ని వాంగ్మూలాల్లో ఆ పేరు ఒక్కచోటా లేదు. అన్నీ కామ్‌గోల్ కోడలి గురించే ఉన్నాయి."

దోసిక్ లాయరు సందు దొరికింది కదాని లేచాడు. "వాంగ్మూలాల్లోని మనిషి రికార్డులోనే లేదు మేడమ్."

"ఇదిగో, ఈవిడేనండీ!" అని నేను లేచి వేలు చూపించాను. నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాకే ఆలోచించాను. ఇన్నేళ్ళుగా ఆవిడ తల నా చేతుల్లో ఉంది, కాగితాల్లో చూసి కూడా ఆ పేరు నా బుర్రకెక్కలేదు. నా పుస్తకంలోనూ కామ్‌గోల్ అనే రాసుకుంటాను.

తొక్సిల్ పెద్దమ్మని పిలిచారు. ఆవిడ బోనులోకి పోయి, ఊరి దేవుడి ముందు నిలబడ్డట్టు రెండు చేతులూ కట్టుకుంది.

"అత్తగారికి చాకిరీ చేసిందని అందరూ రాశారు. అది సరే" అంది జడ్జీ. "నాకు కావలసింది వేరు. వీళ్ళిద్దరూ ఆ కాలంలో భార్యాభర్తల్లా ఉన్నారా? అతను ఊరికొచ్చినప్పుడు ఇద్దరూ ఒక గదిలో ఉండేవారా?"

"అది నన్నడిగితే ఎలా తల్లీ! ఆ గది కిటికీకి దళసరి కాగితం అంటించారు. ఏమీ కనబడదు."

కోర్టులో అందరూ నవ్వారు. జడ్జీ కూడా నవ్వాపుకుంది. ఇంకో తారీఖు ఇచ్చి, పేర్లు సరిచేసి తెమ్మంది. ఇద్దరి మధ్యా కాపురం ఉందని చూపించేదేమైనా ఉంటే అదీ తెమ్మంది. లేకపోతే కష్టమని మెత్తగానే చెప్పింది.

కారులో తొక్సిల్ పెద్దమ్మకి కూడా అదే సందేహం. "ఇంతకీ నీ పేరు ఏమన్నారే అక్కడ?"

"మల్‌సున్."

"చివరిదన్నమాట. 'ఇక ఆడపిల్లలు చాలు' అని పెట్టాడా మీ నాన్న?"

"అందుకే పెట్టాడు. నా తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు."

పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. మల్‌సున్ అక్క నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. కిటికీలోంచి చూస్తూ ఉంది. నాకు ఆవిడ మీదే విసుగొచ్చింది. మనిషన్నాక మండాలి కదా. ఒక బూతైనా తిట్టాలి కదా.

"అక్కా, అసలు అతను ఊరికొచ్చినప్పుడు నీతో ఏం మాట్లాడేవాడు?"

"మాట్లాడేవాడు కాదు. 'గిన్నె' అనేవాడు."

"ఏం గిన్నె?"

"తద్దినంలో రెండో గిన్నె. తను మొదటి గిన్నె పోసి దణ్ణం పెట్టుకున్నాక, నావైపు చూడకుండా 'గిన్నె' అనేవాడు. నేను వెళ్ళి పోసేదాన్ని. ఏడాదికి ఆ ఒక్క మాట."

నేను కారు పక్కకి తీసి ఆపేశాను. వెనక లారీవాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయాడు.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో తద్దినాలప్పుడు ఆడవాళ్ళు వంటింట్లోనే ఉండిపోతారు. గుమ్ వాళ్ళు అలా కాదు. వాళ్ళింట్లో పద్ధతి ఇంచైనా తప్పకూడదు. చనిపోయినవాళ్ళకి మొదటి గిన్నె సారా పెద్దకొడుకు పోస్తాడు, రెండో గిన్నె అతని భార్యే పోయాలి. చెల్లెలు పోయకూడదు, మరదలు పోయకూడదు. ఆ పద్ధతిని కాపలా కాసేది దోసిక్ బాబాయి, వంశంలో మిగిలిన పెద్దాయన. మల్‌సున్ అక్క అంటే ఆయనకి ఎప్పుడూ పడేది కాదు. వంశానికి పిల్లాణ్ణి కనివ్వలేదని ముఖంమీదే అనేవాడు. విడాకుల తర్వాత ఎదురుపడితే దారి మార్చేవాడు.

మర్నాడే నేను ఆయన దగ్గరికి పోయాను. చిన్న కత్తితో తద్దినానికి పచ్చి చెస్ట్‌నట్ కాయలు చెక్కుతున్నాడు. పైనా కిందా చదరంగా, పక్కలు పలకలుగా.

"ఎవరింటి పిల్లవి నువ్వు?"

"పార్లరు పిల్లనండీ తాతగారూ. మీ కోడలి విషయం మాట్లాడదామని."

"నాకు కోడలెవరూ లేరు. పో."

"పోతాను. ఒక్క మాట చెప్పండి చాలు. మీ వదినగారు మంచంలో ఉన్న పదకొండేళ్ళూ మీ అన్నగారి తద్దినానికి రెండో గిన్నె ఎవరు పోశారు?"

"ఎవరు పోస్తారు? పెద్దకోడలు. ఇదొక ప్రశ్నా?"

"పెద్దకోడలు కాదట తాతగారూ. ఆ పదకొండేళ్ళూ ఆమె తన పెళ్ళాం కాదని మీ దోసిక్ కోర్టులో రాసిచ్చాడు."

కత్తి ఆగింది.

"అంటే?"

"అంటే ఎవరో పరాయి ఆడది వచ్చి పోసిందన్నమాట. మీ అన్నగారు తాగారన్నమాట."

ముసలాయన ముఖం కందగడ్డయింది. చెక్కుతున్న కాయ పక్కన పెట్టి, నన్ను నఖశిఖపర్యంతం చూశాడు. కొట్టేస్తాడేమోననుకున్నాను. లోపలికి చూసి గట్టిగా కేకేశాడు.

"ఏమేవ్, నా టోపీ తీసుకురా!"

"కోర్టు ఇవాళ కాదు తాతగారూ."

"అయితే ఇస్త్రీ చేసి పెట్టమను."

తారీఖు రోజున ఆయన తెల్లటి బట్టలూ నల్ల టోపీతో వచ్చాడు. మల్‌సున్ అక్క లేచి వంగి దణ్ణం పెట్టింది. ఆయన చూడనట్టే నడిచిపోయాడు. ఆవిడ కోసం వచ్చాడని ఎవరైనా అనుకుంటారేమోనని ఆయన భయం. ఆయన వచ్చింది అన్న కోసం.

జడ్జీ అడగక ముందే మొదలెట్టాడు. మొదటి గిన్నె ఏమిటి, రెండోది ఏమిటి, ఏ చేత్తో పట్టాలి, ఎటు తిరగాలి అంటూ అందుకున్నాడు. లాయరు ఆపబోతే, "నువ్వు ఎవరింటివాడివి? మీ ఇంట్లో ఎవరు పోస్తారు?" అన్నాడు. లాయరు కూర్చున్నాడు. అప్పుడు పెద్దాయన నేరుగా దోసిక్ వైపు తిరిగాడు.

"ఒరేయ్. లే."

దోసిక్ కర్ర పట్టుకుని లేచాడు. జడ్జీ వారించలేదు.

"ఆ పదకొండేళ్ళూ ఈమె నీ పెళ్ళాం కాకపోతే, మీ నాన్న పదకొండేళ్ళు పస్తున్నట్టు. నువ్వు ఆయనకి ఎంగిలి గిన్నె పోయించినట్టు. పస్తున్నాడా?"

"లేదు బాబాయ్."

"నీతో పాటు ఆ గుమ్మంలో నేనూ నిలబడ్డాను. నువ్వు దణ్ణం పెట్టి లేచాక గిన్నె ఎవరు పోశారు?"

దోసిక్ పెదాలు తడుపుకున్నాడు.

"చెప్పరా. మీ నాన్న వింటున్నాడు."

"మా ఇంటావిడ" అన్నాడు దోసిక్.

జడ్జీ పక్కనున్న గుమాస్తా టైపు చేసే చప్పుడు వినబడింది. లాయరు కళ్ళు మూసుకున్నాడు. నేను పక్కకి తిరిగి చూశాను, అక్క ముఖంలో ఏమైనా కదులుతుందేమోనని. ఏమీ కదల్లేదు. డ్రయ్యరు కింద కూర్చుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంది.

కొన్ని వారాలకి తీర్పొచ్చింది. పదకొండేళ్ళూ కాపురమేనని తేల్చారు. ఏడాదికొకసారైనా ఆమెను భార్య స్థానంలో నిలబెట్టి ఇంటి పద్ధతి జరిపించుకున్నవాడు, ఆ కాలంలో ఆమె భార్య కాదనడానికి వీల్లేదన్నారు. పింఛనులో వాటా ఆవిడకి ఖాయం. గది అద్దె పోను మందులకీ, పొయ్యికీ సరిపోతుంది. పండు ముసలిదయ్యేదాకా వెల్లుల్లి వలుస్తూ కూర్చోనక్కర్లేదు.

తీర్పు విన్నాక కోర్టు ఎదురుగా నూడుల్స్ కొట్లో కూర్చున్నాం. నేను గెలిచిన సంబరంలో రెండు ప్లేట్లు డంప్లింగులు కూడా చెప్పాను. పొగలు కక్కుతూ గిన్నెలొచ్చాయి. నేను తింటూ వాగుతున్నాను. దోసిక్ ముఖం చూశావా, లాయరు ముఖం చూశావా అంటున్నాను. ఆవిడ చాప్‌స్టిక్స్ పట్టుకుని గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

"తినక్కా, చల్లారిపోతోంది."

"అమ్మాయ్, అంటే నేను అతని పెళ్ళాన్నేనా? అన్నేళ్ళూ?"

"అవును మరి. కోర్టే చెప్పిందిగా."

"నేను కాదనుకున్నాను." చాప్‌స్టిక్స్ బల్లమీద పెట్టింది. "దింపేసి పోయిన రోజే అనుకున్నాను. ఇక ఇతను నాకేమీ కాడు, నేను ఈ ముసలావిడకి పనిమనిషినంతే అని. అలా అనుకున్నాక బాధ లేదు. అత్తగారికి జ్వరమొచ్చి ఊపిరందనప్పుడు ఫోన్ చేస్తే ఎత్తలేదు, బాధ లేదు. నాకు ఒళ్ళు తెలియని జ్వరమొచ్చి వంటింట్లో పడిపోతే ఎవరూ లేరు, బాధ లేదు. పరాయివాడు రాకపోతే బాధేముంటుంది?"

ఆవిడ అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కొట్టువాడు కూడా గరిట పట్టుకుని ఆగిపోయాడు. ఆవిడ మెడమీద నరం లేచింది, చెవులు ఎర్రబడ్డాయి, నేను కట్టిన ఉంగరాల జుట్టు కిందనుంచి చెమట కారింది.

"మొగుడేనటగా" అంది. "మొగుడై ఉండి రాలేదా వాడు!"